రేపల్లె దొర బొమ్మ వెనక మడిచేసిన పేరు

మీరు బొమ్మలు చూడరు. కింద ఇత్తడి రేకు మీది పేరు చదివి, ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. పోయినేడు నేనూ అదే చేశాను. రేపల్లెలో ఒక పాత నాటక సమాజం హాల్లో వేలాడే ఇంగ్లీషు ప్రభువు బొమ్మను 'లండన్ చిత్రకారుడి పనితనం' అని ఈ బ్లాగులోనే పొగిడాను. మీరు తెగ మెచ్చుకున్నారు. ఒక్క ఖాజాబీ మాత్రం బాపట్ల నుంచి మనవరాలి చేత రాయించింది: "అది తెనాలిలో మా నాన్న వేసిందండి." పోయిన వారం ఫోన్ చేసింది. కొత్త ఫ్రేము కోసం శనివారం ఆ బొమ్మ గుడ్డ అంచు కోసేస్తున్నారట. తండ్రి సంతకం ఉన్నది ఆ అంచులోనే.

శనివారం పొద్దున ఏడు దాటాక తెనాలిలో రైలెక్కితే గంటలో బాపట్ల. స్టేషన్ బయట ఇడ్లీ తిని ఖాజాబీ ఇంటికి వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి, అప్పటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. చెరుకుపల్లి మీదుగా రేపల్లెకి బస్సులో గంటన్నర. దారంతా తండ్రి మస్తాన్ కబుర్లే. ఆయన నాటకాలకు తెరలు వేసేవాడు: దర్బారు, అడవి, వీధి. తెర మీద పేరు కనపడితే సీను చెడుతుందని, కింద వెదురుబొంగుకు చుట్టే అంచులోనే సంతకం పెట్టేవాడట. దొర బొమ్మకీ అలవాటుకొద్దీ అక్కడే పెట్టాడు. ఫ్రేము కట్టినవాళ్లు దాన్ని వెనక్కి మడిచేశారు.

"నాన్న దొరని చూసింది పత్రికలోనే తమ్ముడూ. అందులో నడుం దాకానే ఉన్నాడు. కాళ్లకి రాజు వేషగాడి చెప్పులు తొడిగేశాడు," అని నవ్వింది.

హాల్లో బొమ్మను అప్పటికే దించి గోడకి ఆనించారు. ఈసారి చూశాను. ముక్కు నీడ పైకి పడింది, వేదిక ముందు దీపాలు వెలిగించినట్టు. వెనక మన దర్బారు తెర స్తంభాలు. కాళ్లకి ముక్కు తిరిగిన జరీ చెప్పులు. లండనట! నాకు సిగ్గేసింది.

అంచు కొయ్యొద్దని అడిగితే సమాజం కార్యదర్శి విసుక్కున్నాడు. "దొరగారు కళాపోషకులమ్మా. వేసినాయనకి కూలి ఇచ్చే ఉంటారుగా."

ఏం పోషించాడండీ ఆ దొర? రేపల్లె మొహం ఎరగడు. అధికారుల ముందు గొప్పకోసం ఇక్కడి భూస్వాములు పెట్టించుకున్న బొమ్మ అది. ఏటేటా దండ ఆయనకి. నేను గొంతు పెంచుతుంటే ఖాజాబీ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"దొర పేరు తీయమనట్లేదండి. మా నాన్న పేరు కొయ్యొద్దంటున్నా."

ఫ్రేము కట్టే అతను బొమ్మను బల్ల మీద బోర్లించి మేకులు పీకి, అంచు విప్పాడు. నీలం రంగులో: షేక్ మస్తాన్, తెనాలి. ఖాజాబీ ఆ అక్షరాలను వేలితో తాకింది. అతను కత్తెర సంచిలో పెట్టేసుకున్నాడు. కార్యదర్శి మాత్రం వచ్చే ఆదివారం కమిటీ తేలుస్తుందన్నాడు.

సాయంత్రం తెనాలి ప్యాసింజర్లో కూర్చున్నా కోపం దిగలేదు. సగం నా మీదే. కళను పోషించినవాడికి ఇత్తడి రేకు, కళ చేసినవాడికి మడత. ఆ మడతను నేను కూడా ఇంకాస్త నొక్కాను. మీరు వెళ్తే మధ్యాహ్నంలోపు వెళ్లండి, నాలుగింటికి హాలు మూసేస్తారు. ముందు చెప్పులు చూడండి, తర్వాత రేకు చదవండి.

కమిటీకి మా డిమాండ్లు:

అంచు కొయ్యొద్దు.
సంతకం కనపడేలా ఫ్రేము కట్టాలి.
రేకు మీద వేసినాయన పేరు ఉండాలి, దొర పేరంత అక్షరాల్లోనే.
ఆదివారం మీటింగుకి ఖాజాబీని పిలవాలి. ముందు వరసలో కుర్చీ వెయ్యాలి.