పెద్దబాపుకు ఏ మసాలా ఇష్టం

మా పెద్దబాపు పోయాడు. మధ్యాహ్నం చాయ్ తాగి, కప్పు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు. ఫోన్ వచ్చేసరికి నేను కుంభారిలో మా ఇంట్లో బట్టలు ఆరేస్తున్నాను. బస్సెక్కి, పెద్దబాపు ఉండే జోడ్‌భావి పేట్‌లో దిగేదాకా నమ్మలేదు. పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. షోలాపూర్ మగ్గాల మీద టవళ్లు నేసి బతికిన మనిషి. అయినా మా వాడలో ఎవరిని కదిపినా టవళ్ల సంగతి చెప్పరు, పక్కబొక్కల సంగతే చెబుతారు.

పక్కబొక్కలంటే మేక పక్కటెముకలు. శ్రావణమాసమంతా మాంసం ముట్టం కాబట్టి ఆషాఢం చివరి ఆదివారం వాడంతా కరువు తీరా తింటుంది. ఆ రోజు పెద్దబాపు ఇంటి ముందు ఇటుకలు పేర్చి, పాత మగ్గం నుంచి ఊడదీసిన ఇనుప చువ్వలు వాటి మీద పరిచి, బొగ్గులు రాజేసేవాడు. ఎముకలను మెత్తటి టవల్‌తో, పసిపిల్లకు తల తుడిచినట్టు, తడి లేకుండా తుడిచేవాడు. ముందు ఉప్పు, కాసేపాగి మసాలా. నూనెను, పెరుగును దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "తడి ఉంటె మసాలా జారిపోతది బిడ్డా. పొడిగుంటెనే పట్టుకుంటది" అనేవాడు.

ఆయన దగ్గర నాలుగు స్టీలు డబ్బాలుండేవి. ఒకదాంట్లో లవంగాలు, ఎండుకొబ్బరి నల్లగా వేయించి దంచిన కాళా మసాలా. ఒకదాంట్లో మా తాతలు తెలంగాణ నుంచి నాలుక మీద మోసుకొచ్చిన ఎల్లిగడ్డ కారం. ఇంకోదాంట్లో మిరియాలు, ధనియాలు కలిపిన పొడి. చివరిది పల్లీల చట్నీ పొడి. పల్లీలు నిప్పుల మీద మాడి చేదెక్కుతాయని, దాన్ని మాత్రం ఎముక దించాక వేడివేడిగా ఉండగానే అద్దేవాడు.

ఎవరికి ఏ మసాలా అన్నది తినేవాళ్ల చేతిలో ఉండేది కాదు. ఆయన మొహం చూసేవాడు, ఒక డబ్బా తెరిచేవాడు. అంతే. జ్వరం నుంచి లేచిన మా నాన్నకు ఒక ఏడు మిరియాల పొడి రాసి ఇచ్చాడు. "నోరు సచ్చిపోయింది తమ్మీ, మిర్యమే లేపుతది" అన్నాడు. నాన్న ఆ తర్వాత ఇంకో మసాలా తిననే లేదు.

నా సంగతైతే చెప్పుకుంటే నవ్వుతారు. ఒక ఆషాఢంలో మా ఆయనతో గొడవపడి బుసలు కొడుతూ వచ్చాను. ఎల్లిగడ్డ కారందే కావాలని చెయ్యి చాపాను. పెద్దబాపు నన్ను ఎగాదిగా చూసి పల్లీల డబ్బా తెరిచాడు.

"ఇది నడవది పెద్దబాపూ, నాకు కారమే కావాలె" అన్నాను.

"కోపంల ఉన్నోళ్లకు కారం పెట్టద్దు. ఇంటికి పొయ్యి అల్లుని మీద దించుతవు" అన్నాడు.

వాడంతా ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే ఎముక కొరికాను. తర్వాత ఇంకోటి అడిగి తిన్నాను, అదీ పల్లీలదే.

తను మాత్రం అందరూ తిన్నాక, మిగిలింది ఏదైతే అది, నిలబడే తినేవాడు. నీకేది ఇష్టమని ఎవరైనా అడిగితే, "నాదేముందిరా, ఏదైనా నడుస్తది" అనేవాడు. మేమూ అక్కడితో వదిలేసేవాళ్లం. నోట్లో ఎముక ఉన్నప్పుడు రెండోసారి అడిగే తీరిక ఎవరికుంటుంది?

పోయిన మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనది వండి విస్తరాకులో ఆరుబయట పెడతాం. కాకి ముడితే తృప్తిగా వెళ్లారని, ముట్టకపోతే ఏదో కొరత మిగిలిందని మా వాళ్ల నమ్మకం. పక్కబొక్కలే పెట్టాలన్నదాంట్లో ఎవరికీ అనుమానం లేదు. నేను బొగ్గులు రాజేసి, ఎముకలు తుడిచి, "ఏ మసాలా రాయాలె పెద్దమ్మా?" అని అడిగాను.

అందరూ పెద్దమ్మ వైపు తిరిగారు. ఆమె నాలుగు డబ్బాల మూతలూ ఒక్కొక్కటే తీసి చూసింది.

"నాకు ఎర్క లేదు బిడ్డా" అంది చివరికి. "ఇన్నేండ్లు సంసారం జేసిన. పెనిమిటికి ఏది ఇష్టమో తెల్వదని నలుగురి ముందట చెప్పుకోవాల్సి వచ్చె. పిట్ట ముట్టకుంటె నేనేం జెయ్యాలె?"

పోయిన మనిషి మీద నాకు అప్పుడు నిజంగా కోపమొచ్చింది. ఒక్క ఆదివారమైనా ఇది నాకు బాగుందని నోరు తెరిచి చెబితే ఏం పోయేది?

మిరియాలదేనని నాన్న అన్నాడు. కాళా మసాలాయేనని పక్కింటి మరాఠీ మావశీ పట్టుబట్టింది. ఆయన ఎవరికి ఏది పెట్టాడో వాళ్లు అదే ఆయనకిష్టమంటున్నారు. పల్లీలదని చెప్పడానికి నోరు తెరిచి, నేను టక్కున మూసుకున్నాను. నాలుగు ఎముకలకు నాలుగు మసాలాలు పట్టించి, కాల్చి, ఒకే విస్తరాకులో మేడ మీద పెట్టాం.

కాకి వచ్చింది. పక్కనున్న మగ్గాల షెడ్డు రేకుల మీద వాలి మమ్మల్ని చూస్తూ కూర్చుంది. పెద్దమ్మ చేతులు జోడించి నిలబడింది. కాసేపటికి కాకి దిగింది. ఆకు చుట్టూ నడిచింది. ఒక్కో ఎముక దగ్గర మెడ వంచి చూసి, ఒకదాన్ని లాక్కుని లేచిపోయింది. ఏదో పోల్చుకుందామని మేం ముందుకు వంగేలోపే మరో నాలుగైదు కాకులు మీద పడి మిగతావి ఎత్తుకుపోయాయి.

"కాళా మసాలాచ్! మీ పాహిలం!" అని మావశీ అరిచింది, తను కళ్లారా చూశానని.

"కాదు వహినీ, మిర్యాలది" అన్నాడు నాన్న.

పెద్దమ్మకు నవ్వొచ్చింది. ఆ మూడు రోజుల్లో మొదటిసారి. "సూడు, సచ్చినంక సుత చెప్పకపాయె" అంది. నవ్వుతుండగానే కళ్లు నిండాయి.

మొదట దిగిన కాకి రేకుల అంచున ఎముకను కాలి కింద తొక్కిపట్టి, తాపీగా పొడుచుకుని తింటోంది. పెద్దమ్మ ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని దాన్నే చూస్తోంది.

"నిమ్మళంగ తిను" అంది దానితో. "ఇంకెవ్వరికి పెట్టేదున్నది నీకు?"