పెద్ద అక్షరాల ట్యాబు

తనిఖీకి వచ్చిన అధికారి పరువును బడి వాకిట్లో అందరి ముందూ తీసిన టీచర్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఆయనకు ఉపకారం చేయబోయి ఆ పని చేశాను.

మాది టెక్కలి. ఉద్యోగం వచ్చిన కొత్తలో అక్కుపల్లి దగ్గర సముద్రం ఒడ్డున ఒక ఊరి బడిలో వేశారు. అక్కడి పిల్లలకు ట్యాబులు ఉన్నాయని తెలిసి పొంగిపోయాను. నా క్లాసులో కుమారికి చూపు తక్కువ. అందుకని ఆమె ట్యాబులో అక్షరాలు గుమ్మడికాయలంత చేసి, పైకి చదివి వినిపించే గొంతు కూడా పెట్టాను. ధనుంజయ వాళ్ళది ఇచ్ఛాపురం వైపు, ఇంట్లో ఒరియా. వాడికి పాఠం ఒరియాలో వచ్చేలా చేశాను. సింహాద్రికి మాత్రం ఏమీ చేయలేదు. పుస్తకం తెరవగానే కిటికీలోంచి సముద్రం చూసే రకం వాడు. మొద్దబ్బాయని తేల్చేశాను.

తనిఖీ రోజు పొద్దున్నే ట్యాబులన్నీ తుడిచాను. వెనక అంటించిన పేర్ల కాగితాలు చేపల జిడ్డు పట్టి అసహ్యంగా ఉన్నాయని వాటినీ పీకేశాను. ట్యాబులు పెళ్ళికూతుళ్ళలా మెరిశాయి. ఏది ఎవరిదో దేవుడికే తెలియాలి.

అధికారి రాగానే ఠీవిగా పంచిపెట్టాను.

కుమారి ట్యాబును ముక్కుకు ఆనించి చూసింది. "మేడమ్, ఇయి అచ్చరాలా, జంతికలా?"

"అది నాది. ఒరియా అది" అన్నాడు ధనుంజయ. "మరి నాకు ఒరియా రాలేదేటి?"

అంతలో సింహాద్రి చేతిలోది గట్టిగా అరిచింది. "బ్యాటరీ ఇరవై శాతం. పాఠం మూడు. వెనక్కి బటన్."

"ఎవరమ్మా మాట్లాడేది?" అన్నారు అధికారి.

"ట్యాబు సార్" అన్నాను.

లాక్కోబోతే సింహాద్రి వదల్లేదు. "ఉండండి మేడమ్. ఈ గోల ఆపీసి నానే సదువుతాను."

వాడు ట్యాబు గొంతు ఆపేసి, పాఠం మొదలుపెట్టాడు. మొదటి పేజీ, రెండో పేజీ, ఎక్కడా తడబడలేదు. క్లాసంతా నోరు తెరుచుకుంది. నాది మరికాస్త ఎక్కువ.

"ఇన్నాళ్ళూ ఎందుకు చదవలేదురా?"

"ఇన్నాళ్ళూ అచ్చరాలు ఇంతేసి లేవు కదా మేడమ్. సీమలు పాకినట్టు కనిపించేవి."

మొద్దు ఎవరో అప్పుడు తెలిసింది. ఆ వారమే మా హెడ్‌మాస్టారు వాణ్ణి పలాస తీసుకెళ్ళి కళ్ళజోడు వేయించారు. కానీ ఆ రోజు నా కథ అక్కడితో అయిపోలేదు.

కోప్పడతారనుకున్న అధికారి నన్ను పక్కకు పిలిచి ఫోను చేతికిచ్చారు. "ఆ పెద్ద అక్షరాలు ఎక్కడ నొక్కితే వస్తాయమ్మా? నాకూ ఈ మధ్య చీమలే కనబడుతున్నాయి."

అక్షరాలు పెద్దవి చేశాను. అక్కడితో ఆగితే నేను నేనెలా అవుతాను? పెద్దాయన, కళ్ళకు శ్రమ ఎందుకని చదివి వినిపించే గొంతు కూడా పెట్టేశాను. ఆ మాట ఆయనకు చెప్పడం మర్చిపోయాను.

సాగనంపడానికి పిల్లలు, తల్లిదండ్రులు వాకిట్లో నిలబడ్డారు. ఆయన జీపెక్కారు. జేబులోంచి ఫోను, ఊరంతా వినేలా, తీరిగ్గా చదివింది.

"శ్రీమతి నుంచి సందేశం. పోయినసారిలా జీడిపప్పు మర్చిపోయి వస్తే తలుపు తియ్యను. వరండాలో పడుకోండి."

ఆయన కంగారుగా ఫోను నొక్కారు. "కెమెరా. గడియారం. శ్రీమతి నుంచి సందేశం" అంటూ అది మళ్ళీ మొదటి నుంచి అందుకుంది.

పిల్లలు నవ్వు ఆపుకోలేక నోళ్ళు మూసుకుని ఊగిపోతున్నారు. మా హెడ్‌మాస్టారు మాత్రం ముఖం కదపకుండా జీపు దగ్గరకు వెళ్ళారు. "కాశీబుగ్గలో మా బావమరిది జీడిపప్పు కొట్టుంది సార్. సంగతి వరండా దాకా రానివ్వను, పదండి" అని పక్క సీట్లో కూర్చున్నారు.

జీపు మలుపు తిరిగేలోగా నేను కుడిచేయి ఎత్తి ఒట్టు పెట్టుకున్నాను. పిల్లల ట్యాబులు ఎన్నయినా సవరిస్తాను. తనిఖీకి వచ్చినవారి ఫోను మాత్రం, వాళ్ళు బతిమాలి చేతిలో పెట్టినా, వాళ్ళావిడ ఏం తెమ్మన్నారో అడగకుండా ముట్టుకోను.