పదకొండు గంటల ఇంగ్లీషు క్లాసు

నేను ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకున్నది కోపంతో.

మా అమ్మాయిని ఆరో తరగతికి నరసరావుపేటలోనే ఒక పెద్ద బడికి మార్చాం. మొదటి పరీక్షలయ్యాక తల్లిదండ్రులను రమ్మన్నారు. మా ఆయన ఎరువుల కొట్టు వదిలి రాలేనంటే నేనే వెళ్ళాను. అమ్మాయి ఇంటిదగ్గర రోజుకు ఎన్ని గంటలు చదువుతుందని ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను ఇంగ్లీషులో అడిగింది. ప్రశ్న నాకు అర్థమైంది. నేను బి.ఏ. చదివాను, తెలుగు మీడియంలో. కళ్ళతో చదివితే ఇంగ్లీషు తెలుస్తుంది, వింటే సగం తెలుస్తుంది. నోరు తెరిచి మాట్లాడిన పాపాన మాత్రం ఎప్పుడూ పోలేదు. 'టూ అవర్స్' అంటే సరిపోయేది. ఆ రెండు ముక్కలు కూడా గొంతు దాటలేదు.

ఆవిడ కాసేపు చూసి, నన్ను వదిలేసి, మా అమ్మాయి వైపు తిరిగి 'టెల్ యువర్ మదర్' అని మొదలుపెట్టింది. ఎదురుగా కుర్చీలో నేను ఉండగానే. పదకొండేళ్ళ పిల్ల నేలచూపులు చూస్తూ ఆవిడ మాట నాకు తెలుగులో, నా మాట ఆవిడకు ఇంగ్లీషులో చెప్పింది. పోనీ ఆవిడకు తెలుగు రాదా అంటే, మేం లేచి వస్తుంటే ఆయాను పిలిచి, పక్క గదిలో ఫ్యాను ఊరికే తిరుగుతోంది, ఆపేసి రమ్మని శుభ్రమైన తెలుగులో చెప్పింది.

ఇంటికొచ్చాక అమ్మాయి సంచీ మంచం మీద పడేసి, "ఈసారి నాన్నను పంపమ్మా" అంది.

నెల తర్వాత బడి బస్సు మా వీధిలోకి రావడం లేదని అడగడానికి వాళ్ళ నాన్నే వెళ్ళారు. ఆయన చదివింది పదో తరగతి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, బుల్లెట్ బండి, వెంట కౌన్సిలర్ పదవికి పోటీ చేసిన మా బావగారు. మేడమ్ లేచి నిలబడి రండి, కూర్చోండి అన్నదట, కాఫీ తెప్పించిందట. ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా రాలేదట. "బానే మాట్లాడిందే ఆవిడ, నువ్వే ఏదో అనుకున్నావు" అని ఆయన తేల్చేశారు. ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వారమే వెళ్ళి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాను.

సెల్‌ఫోన్ల కొట్టు పైన ఒక గది, పదిహేను ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్లబోర్డు. క్లాసు పదకొండు నుంచి పన్నెండు దాకా. ఆయన కొట్టుకు వెళ్ళాక, నేను కుట్టాల్సిన జాకెట్లు పక్కన పెట్టి వెళ్ళేదాన్ని. అందరూ డిగ్రీ అయిపోయి ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలు. చెప్పే కుర్రాడికి ఇరవై ఆరేళ్ళుంటాయి, హైదరాబాదులో కాల్ సెంటర్‌లో పనిచేసి వచ్చాడు. గదిలో తెలుగు మాట్లాడితే క్లాసు అయ్యేదాకా నిలబడాలని అతని రూలు. మొదటి రోజు నాకు మూడు వాక్యాలు రాసిచ్చాడు: నా పేరు ఫలానా, ఐ యామ్ ఎ హౌస్‌వైఫ్, మై హాబీ ఈజ్ కుకింగ్. నేను జాకెట్లు కుడతాను, పదిహేనేళ్ళుగా అదే నా పని, అది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నేర్పమన్నాను. బిగినర్స్‌కు హౌస్‌వైఫ్ చాలన్నాడు. వంట నా హాబీ అని వారం రోజులు పదిమంది ముందు నిలబడి చెప్పాను. రోజుకు మూడుపూటలా చేసే చాకిరీకి హాబీ అని పేరు పెట్టినవాడిని ఏమనాలో నాకు ఏ భాషలోనూ తోచలేదు.

మాటలు అప్పజెప్పుకోవడానికి జంటలు కలిపినప్పుడు నా పక్కకు ఒక పెద్దావిడ వచ్చింది. ముప్పాళ్ళ నుంచి బస్సులో వచ్చేది. యాభై దాటాయి, ఏడో తరగతి దాకా చదివింది, రెండెకరాల్లో మిరప వేస్తుంది. ఊళ్ళో నవ్వుతారని మోకాళ్ళ నొప్పికి కరెంటు పెట్టించుకోవడానికి వెళ్తున్నానని చెప్పి వచ్చేదట. నేను పిన్నీ అనేదాన్ని. హౌ ఆర్ యూ అని నేనంటే, ఐ యామ్ ఫైన్ థాంక్యూ అని ఆవిడ మొహం గంటు పెట్టుకుని చెప్పేది. ఈ వయసులో ఇంగ్లీషు దేనికని అడిగితే, ఒక మాటకు అర్థం తెలుసుకోవాలి, అంతేనంది. ఏ మాటో చెప్పలేదు.

మూడో వారంలో ఆసుపత్రి పాఠం వచ్చింది. డాక్టర్, ఐ హావ్ ఎ హెడేక్. టేక్ దిస్ టాబ్లెట్. రెండుసార్లు అందరం కలిసి చదివాక పిన్ని చెయ్యెత్తింది.

"బాబూ, డాక్టర్లు పూర్ అంటే ఏంది? లేనోళ్ళనేనా?"

అతను గడియారం చూసుకుని, "ఆంటీ, నో తెలుగు. స్టాండ్ అప్" అన్నాడు. వెనక కుర్చీల్లో పిల్లలు నవ్వారు. పిన్ని లేచి, కొంగు భుజం చుట్టూ లాక్కుని, పన్నెండు దాకా గోడ పక్కన నిలబడింది. ఆవిడ వయసులో సగం ఉంటుందేమో వాడికి. అప్పుడు నేను నోరు మెదపలేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

క్లాసయ్యాక మెట్ల మీద కూర్చుని ఆవిడ చెప్పింది. రెండేళ్ళ కిందట వాళ్ళాయనకు తలలో నరం చిట్లితే గుంటూరు తీసుకుపోయారు. రెండో రోజు పెద్ద డాక్టరు మంచం దగ్గర నిలబడి చిన్న డాక్టర్లతో ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అందులో పూర్ అన్న మాట ఒక్కటే ఆవిడకు అందింది. మనవడి పుస్తకంలో పూర్ మ్యాన్ అంటే బీదవాడని ఉంది కదా, మా దగ్గర డబ్బు లేదనుకుంటున్నారని ఆవిడ అనుకుంది. చేతులు జోడించి, అయ్యా, మేం మరీ లేనోళ్ళం కాదు, పొలం ఉంది, అమ్మి కడతాం, వైద్యం ఆపొద్దు అని బతిమాలింది. డాక్టరు తల ఊపి వెళ్ళిపోయాడు. మూడో రోజు వాళ్ళాయన పోయాడు.

నేను ఫోన్ తీసి వెతికాను. డాక్టర్లు రోగి గురించి అలా అంటే కోలుకునే ఆశ తక్కువని అర్థం అని ఉంది. చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పాను. ఆవిడ నా వైపు తిరిగింది.

"అయితే నేను పొలం అమ్ముతానని దండం పెడతంటే ఆ డాక్టరు తల ఊపాడే, దేనికి ఊపాడమ్మాయ్? అప్పుడే చెప్పినట్టైతే మాచర్ల నుంచి మా పిల్లను పిలిపించేదాన్ని. మా ఆయన దాని కోసమే చూశాడు."

మర్నాడు క్లాసు మొదలవగానే నేను లేచి నిలబడి తెలుగులోనే మాట్లాడాను. నిన్న ఈవిడ అడిగింది భర్త చావు గురించి అని చెప్పాను. వెనక నవ్విన పిల్లలు తలలు దించుకున్నారు. కుర్రాడి మొహం మాడింది గాని, తనకు తెలియదని, అయినా రూలు అందరి మంచికే పెట్టానని అన్నాడు.

"తలనొప్పి అని చెప్పడం నేర్పుతున్నారు. డాక్టరు చెప్పింది తెలియకపోతే ఎలా అడగాలో మీ పుస్తకంలో ఉందా? ఉంటే ఏ పేజీనో చెప్పండి" అన్నాను.

అతను నిజంగానే పేజీలు తిప్పాడు. లేదు. పిన్ని నా చెయ్యి పట్టుకుని "పోదాం పద" అంది. ఇద్దరం దిగి వచ్చేశాం.

ఆ తర్వాత మంగళవారం, శుక్రవారం పిన్ని మా ఇంటికే వచ్చేది. కుట్టుమిషను పక్కన చాప వేసుకుని మాకు కావలసిన మాటలే నేర్చుకున్నాం. తెలుగులో రాసుకుంటే సాయంత్రం మా అమ్మాయి ఇంగ్లీషులోకి మార్చి పెట్టేది. మొదట విసుక్కునేది, తర్వాత మేం పలికే తీరు దిద్దడం మొదలుపెట్టింది. నాకు చెప్పండి, నా కూతురికి కాదు అన్న వాక్యానికి ముందు ప్లీజ్ పెట్టాలంది. నేను పెట్టనన్నాను. "ప్లీజు పెడితే మన సొమ్మేం పోద్దే" అని పిన్ని నా మీదే కోప్పడింది. ప్లీజ్ పెట్టాం.

అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక మళ్ళీ బడికి పిలిచారు. మేడమ్ అలవాటుగా అమ్మాయి వైపు తిరగగానే, "ప్లీజ్ టాక్ టు మీ, నాట్ టు మై డాటర్" అన్నాను. ఒక్క మాట కూడా తప్పు పోలేదు. ఆవిడ నవ్వింది. "వెరీ గుడ్, యూ ఆర్ ఇంప్రూవింగ్" అంది, ఒకటో తరగతి పిల్లకు చెప్పినట్టు. సిగ్గుపడుతుందనుకున్నాను, మెచ్చుకుంది. మెచ్చుకోలు అంత మంట పెడుతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఇక తెలుగులోకి దిగాను. మా ఆయనతో మీరు తెలుగులో ఎందుకు మాట్లాడారు, నాతో ఎందుకు మాట్లాడలేదు, పిల్ల కళ్ళ ముందు తల్లిని ఎందుకు తక్కువ చేశారు అని వరసగా అడిగాను. గదిలో ఇంకో ఇద్దరు తల్లులున్నారు, వాళ్ళు వింటున్నారు. ఆవిడ చేతిలో పెన్ను మూసి, అలా అనుకోలేదండీ అని తెలుగులో చెప్పి, మార్కుల సంగతి మొత్తం తెలుగులోనే మాట్లాడింది. క్షమించమని మాత్రం అనలేదు. బయటికి వచ్చాక మా అమ్మాయి, అంత గట్టిగా అడగాలా అని సణిగింది. అడగాలి అన్నాను.

మొన్న వానాకాలంలో పిన్ని మనవడికి జ్వరం ముదిరి సత్తెనపల్లిలో ఆసుపత్రిలో పెట్టారు. డాక్టరమ్మ నర్సుకు ఇంగ్లీషులో ఏదో చెబుతుంటే పిన్ని మంచం ఇవతలి నుంచి, "డాక్టర్, టెల్ మీ ఇన్ తెలుగు. ఐ యామ్ గ్రాండ్‌మదర్" అందట. ఆ డాక్టరమ్మ ఆగి, స్టూలు లాక్కుని కూర్చుని, రక్తంలో ఏం తగ్గిందో, ఎన్నాళ్ళు చూడాలో, దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో అంతా చెప్పిందట. పిల్లవాడు నాలుగో రోజుకు కోలుకున్నాడు.

పిన్ని ఆసుపత్రి వరండా నుంచే నాకు ఫోన్ చేసింది. సంతోషంతో చేసిందనుకున్నాను. ఏడుస్తోంది.

"రెండు నిమిషాలే పట్టిందమ్మాయ్. ఆ డాక్టరు పిల్లది కూడా మన పక్క ఊరేనంట. చానా చక్కగా చెప్పింది. ఇంత తేలికైన పని, ఆరోజు గుంటూరులో ఒక్కళ్ళు కూడా చెయ్యలా."

లోపల పిల్లవాడు మంచినీళ్ళు అడుగుతున్నాడని ఆవిడ ఫోన్ పెట్టేసింది. తర్వాతి మంగళవారం మామూలుగానే వచ్చింది, ఒక కట్ట గోంగూర తెచ్చింది. చాప పరుచుకుంటూ, ఈసారి బ్యాంకులో మేనేజరును నిలదీసే మాటలు నేర్పమంది.