ఆఖరి క్లాజులో లేని తేదీ

కెనడాలో, సస్కటూన్‌లోని ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో నా పని, పరిశోధకుల పెద్ద పెద్ద లెక్కలను కేంద్ర ప్రభుత్వం నడిపే ఉమ్మడి కంప్యూటర్ల మీద వేయించడం. కంప్యూటర్ చదువు నేను చదవలేదు. చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకున్నాను. ఆ కంప్యూటర్ల ముందు ఎప్పుడూ క్యూ ఉంటుంది. క్యూ చూసి, ఎవరి లెక్క ఎప్పుడు తేలుతుందో చెప్పేవాణ్ణి. ఒక పూట అటూ ఇటూ తప్ప తప్పేది కాదు. నా మాట మీద సెలవులు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

వరంగల్ అమ్మాయి ఒకామె మా దగ్గర మసూర్ పప్పు పంటకు వచ్చే వేరుకుళ్లు తెగులు మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఒక్క పెద్ద లెక్క మిగిలింది. అది తేలకపోతే థీసిస్ లేదు. చదువు కోసం ఇక్కడ ఉండనిచ్చే స్టడీ పర్మిట్ గడువేమో దగ్గర పడుతోంది.

అప్పుడే పార్లమెంటులో కంప్యూటింగ్ పరిశోధన పథకాలను సవరించే చట్టం పాసైంది. కొత్త పథకం, కొత్త యంత్రాలు. ఆమె ల్యాబంతా మైసూర్‌పాక్ పంచింది. ఎలాగూ మూసేసేవే కదా అని, కొద్ది రోజులకే పాత కంప్యూటర్లలో కొత్త పనులు తీసుకోవడం ఆపేశారు. ఆమె లెక్క బయటే ఉండిపోయింది.

"అంకుల్, కొత్తది ఎప్పుడు స్టార్ట్ అయితది?"

చట్టం మొత్తం చదివాను. కమిటీలు, నివేదికలు, అన్నిటికీ వరుస నంబర్లున్నాయి. అమల్లోకి వచ్చే రోజు గురించి మాత్రం ఆఖరి క్లాజులో ఒకే వాక్యం: మంత్రివర్గం ఆర్డర్ ద్వారా నిర్ణయించే రోజున. సంబంధిత శాఖకు మెయిల్ పెట్టి అడిగితే, జవాబులో ఆ వాక్యమే వచ్చింది.

"క్యూ ఉంటే చెప్పగలనమ్మా. ఇక్కడ క్యూనే లేదు."

"గట్లనకుండ్రి అంకుల్. మంచు ఎప్పుడు కరుగుతదో గూడ చెప్తరు మీరు!"

నవ్వాను. ఆమె నవ్వలేదు. ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. పర్మిట్ ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేస్తోంది. చదువు ముగిసే తేదీ అడుగుతున్నారు. అది నింపకపోతే తర్వాతి పేజీ రావడం లేదు. ఆ తేదీ దాటిపోతే పర్మిట్ మళ్లీ ఇస్తారో లేదో మాలో ఎవరికీ తెలియదు.

"మీరే ఏదో ఒకటి చెప్పుండ్రి. నేను పెడితే ఉత్తగనే పెట్టినట్టుంటది."

డిసెంబరు ముప్పై ఒకటి అన్నాను. ఆ రోజున సంవత్సరం అయిపోతుంది. అంతకుమించి దాని వెనక ఏ లెక్కా లేదు.

ఆమె టైప్ చేసింది. మొహం తేటపడింది. "మీరు చెప్పిన్రంటే అయితది అంకుల్."

లెక్క వేసి చెప్పింది కాదమ్మా అనబోయాను. అప్పటికే తర్వాతి పేజీ వచ్చేసింది.