చెరిపేసిన గొంతు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను అడిగేది ఒకటే: వోల్టేజీ చూశారా అని. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేశాను. కుందుర్పిలో ఆంప్లిఫయర్లు, మైకులు రిపేరు చేసే చిన్న షాపు నాది. శబ్దం వచ్చిందంటే ఒక కారణం ఉంటుంది. రాలేదంటే దానికీ ఉంటుంది. ఇప్పటికీ నా నమ్మకం అదే. అందుకే ఈ సంగతి నన్ను వదలడం లేదు.

మా వైపు వేరుశనగ చేలకు అడవి పందుల బెడద. రైతులు తమ కేకల్ని చేతి మైకులో రికార్డు చేసి, గట్టు మీద కట్టెకు కట్టి, మళ్లీ మళ్లీ మోగేలా పెడతారు. మనిషి గొంతు వినబడితే పందులు చేలో దిగవు.

పోయిన వానాకాలంలో ఓబులక్క అలాంటి మైకు ఒకటి తెచ్చింది. మోగడం లేదు. ఆమె భర్త అంతకు నాలుగు నెలల ముందు గుండెపోటుతో పోయాడు.

“పందులు తింటే తిననీలేప్పా,” అంది. “లోపల ఆయప్ప గొంతుండాది. ఇంట్లో సరైన ఫోటో గూడా లేదు. అది మాత్రం పోగొట్టొద్దు.”

“ఏం కాదులేక్కా, రేపు పొద్దున రా,” అన్నాను.

వరుసగా చూసుకుంటూ వచ్చాను. బ్యాటరీ బాగుంది. స్విచ్ బాగుంది. స్పీకర్ కాయిల్‌కు మీటరు పెడితే అదీ బాగుంది. బోర్డు నుంచి స్పీకరుకు వెళ్లే తీగ దగ్గర సోల్డరింగ్ పగిలింది. మళ్లీ పెట్టాను. పది నిమిషాల పని.

ఏ మైకు బాగుచేసినా చివర్లో రికార్డు మీట నొక్కి, “హలో, హలో” అని, తిరిగి వింటాను. వేళ్లకు అలవాటైపోయింది. ఆ రోజూ అదే చేశాను. నా గొంతు స్పష్టంగా వచ్చింది. మూడుసార్లు విన్నాను.

“అప్పుట్నుంచి ఒగటే హలో హలో,” అన్నాడు పక్క టీ అంగడి అన్న. “ఇంకా ఎవురూ పలకలేదా?”

నవ్వబోయి ఆగిపోయాను. ఆ మైకులోని చిప్పులో పట్టేది ఒక్క రికార్డే. కొత్తది ఎక్కితే పాతది చెరిగిపోతుంది. మెమరీ కార్డు లేదు, ఎక్కడా కాపీ లేదు. ఆ మనిషి గొంతును నేనే తుడిచేశాను.

మైకును లోపలే ఉంచి, షాపుకు తాళం వేసి ఇంటికి వెళ్లాను. తాళంచెవి ఒక్కటే, నా జేబులోనే ఉంది.

పొద్దున నాకంటే ముందే వచ్చి ఓబులక్క మెట్టు మీద కూర్చుని ఉంది. మైకు చేతికిస్తూ, “అక్కా, ఒక మాట చెప్పల్ల,” అన్నాను. ఆమె వినిపించుకోలేదు. మీట నొక్కేసింది.

“హోయ్... ఎవుర్రా ఆడ... పోండ్రా, పోండి...”

బొంగురు గొంతు. నాది కాదు. చివర్లో ఒక దగ్గు.

ఓబులక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని నవ్వింది. “పందుల్ని గూడా ఎవుర్రా అంటాడు సూడు. ఆ దగ్గు సూడు, బీడీ దగ్గు.” తర్వాత నా వైపు తిరిగింది. “ఏమప్పా, మొగం అట్ల పెట్టినావు? ఏందో మాటంటివే?”

“ఏం లేదక్కా,” అన్నాను.

తర్వాత అదే రకం మైకు ఒకటి తెచ్చి, పదిసార్లు రికార్డు చేసి, పదిసార్లు చెరిపాను. పాతది ఒక్కసారీ తిరిగి రాలేదు. ఆ చిప్పు గురించి కంపెనీ ఇచ్చిన కాగితాలు చదివాను. రెండో రికార్డుకు అందులో చోటే లేదు. నేనే భ్రమపడ్డాననుకుందామంటే, మైకులోంచి మోగిన నా హలోలు టీ అంగడి అన్న కూడా విన్నాడు.

ఓబులక్కకు ఇంతవరకూ చెప్పలేదు. ఈ యేడూ ఆమె చేను వేసింది. గట్టు మీద ఆ మైకు మోగుతూనే ఉంది. ఆ దారిన పోయినప్పుడల్లా బండి ఆపి, దగ్గు దాకా విని కదులుతాను. ఆ గొంతు ఎలా వచ్చిందో తెలియనప్పుడు, ఎన్నాళ్లు ఉంటుందో కూడా తెలియదు. ఏదో ఒక పొద్దున ఆమె ఒక్కతే చేలో నిలబడి మీట నొక్కితే, నా గొంతు పలకవచ్చు.