వీరేష్ పెట్టిన గుర్తు

ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే దారిలో, చింతకొట్టాల క్రాస్ దగ్గర వీరేష్‌కు సెల్ అంగడి ఉంది. రీఛార్జి, జెరాక్సు, పగిలిన అద్దాలు మార్చడం పేరుకే. అసలు పని అభిప్రాయాలు చెప్పడం. ఏ యాప్ ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఊరంతా అతన్నే అడిగేది.

"ఇది బ్యాటరీ తాగుతాది, తీసేయ్. ఆ గేము జోలికి పోవద్దు, పత్తి తీసే చేతులు పనికి రాకుండా పోతాయి. ఇంగ ఈ యాప్ చేసినోనికి అమ్మానాయన లేరు సార్. ఉంటే అక్షరాలు చీమల మాదిరి పెడతాడా?" అనేవాడు.

నేను చింతకొట్టాల బడిలో టీచర్‌ని. క్రాస్‌లో బస్సు దిగి, ఈ తీర్పులన్నీ విని, రెండు కిలోమీటర్లు నడిచి ఊళ్లోకి పోయేవాణ్ణి.

ఫోన్ మ్యాప్‌లో చింతకొట్టాల లేకపోతే వీరేషే పెట్టించాడు. కానీ గుర్తు ఊరి మీద పెట్టలేదు, తన అంగడి మీద పెట్టాడు. ఊరికని వచ్చేవాళ్లంతా తన ముందు ఆగాలని ఆశ. ఒకరోజు నా ఫోన్‌లో చూసి పట్టుకున్నాను.

"ఊర్లో సిగ్నలే లేదు సార్. పార్సిల్ తెచ్చేటోళ్లు ఆడికి యాడ వస్తారు? ఈడుంటే అందరికీ మేలు" అన్నాడు.

నవ్వి ఊరుకున్నాను. నా పార్సిళ్లూ అక్కడే దిగుతున్నాయి మరి.

పత్తి తీసే రోజుల్లో ఊళ్లో సీమోను అనే అతని భార్య రాణికి కుడిచేతి మీద పాము కరిచింది. సీమోను మిద్దెక్కి, సిగ్నల్ దొరికించుకుని, అంబులెన్సుకు ఊరిపేరు చెప్పాడు. బండి మ్యాప్ చూపించిన చోటికే వచ్చింది. ఆ రోజు వీరేష్ సామాను కోసం ఆదోనికి పోయాడు. మూసిన షట్టర్ ముందు నిలబడి డ్రైవర్ ఫోన్ మీద ఫోన్ చేశాడు, మిద్దె దిగిన సీమోనుకు కలవలేదు. అరగంటకు గొర్రెలు తోలుకొచ్చిన ముసలాయన దారి చెప్పాడు.

రాణి బతికింది. బొటనవేలు, చూపుడువేలు తీసేశారు. ముందే తెచ్చి ఉంటే దక్కేవేమో అన్నారట డాక్టర్లు.

నెల తర్వాత రాణి అంగడికి వచ్చింది. అలవాటు కొద్దీ అక్కడే దింపిన నా పార్సిల్ ఒళ్లో పెట్టుకుని నేను స్టూలు మీద ఉన్నాను.

"అన్నా, ఫోన్ తెరుచుకోవడంల్యా. నా వేలికి తాళం ఏసింటివి కదా, ఆ వేలు లేదు. దీనికి మార్చు" అని ఎడమచెయ్యి చాపింది.

వీరేష్ ఫోన్ అందుకున్నాడు. తాళం నంబరు కూడా అతను పెట్టిచ్చిందే, దాంతో తెరిచాడు. "ఈడ పెట్టమ్మా. తీయి. మళ్లా పెట్టు" అన్నాడు.

వేలు పెట్టి తీస్తూ ఆమె అంది: "నువ్వు ఫోన్లో మా ఊరు పెట్టబట్టి ఆ బండి ఈడిదాకన్నా వచ్చెనన్నా. లేకుంటే యాడ తిరుగుతుండెనో. దేవుడు నిన్ను సల్లగ సూడాల."

వీరేష్ చెయ్యి ఆగిపోయింది.

"అట్లనద్దు రాణమ్మా. బండి ఊర్లోకే రావల్ల. గుర్తు నేనే ఈడ పెట్టుకున్యా, అంగడి కోసరం. నీ వేళ్లు పోయింది నా వల్ల" అన్నాడు.

రాణి వేలు వెనక్కి తీసుకుంది.

"ఇప్పుడు యాడుంది గుర్తు?"

"ఊర్లోకి మార్చినా."

"ఎప్పుడు?"

"ఆ పొద్దు సాయంత్రమే."

"అంటే ఆ పొద్దే తెలుసు నీకు. ఆస్పత్రికి వస్తివి. బత్తాయిలు తెస్తివి. ఎట్లుండావమ్మా అంటివి. ఇది మాత్రం సెప్పకపోతివి."

పని సగంలో ఉండగానే ఫోన్ లాక్కుంది. గడప దిగబోతూ నా వైపు తిరిగింది.

"మీకు తెలుసా సార్ ఇది?"

ఒళ్లో పార్సిల్ బరువుగా ఉంది.

"తెలీదమ్మా" అన్నాను.

వీరేష్ తలెత్తి నన్ను చూశాడు. పట్టివ్వలేదు.