నర్సమ్మకు భర్త రక్తం సరిపోయింది

1975 జులైలో నన్ను రాయచూరు జిల్లాలోని ఒక తాలూకా ఆస్పత్రికి ల్యాబ్ టెక్నీషియన్‌గా వేశారు. ఊరి పేరు చెప్పను. జరిగినదాంట్లో తప్పు ఊరిది కాదు. ల్యాబ్ అంటే ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు, చేత్తో తిప్పే సెంట్రిఫ్యూజ్. హోదాలో నేను డాక్టరుగారికి చాలా కింద, కాంపౌండరుకు కొంచెం పైన. కాంపౌండరు మాత్రం ఈ మాట ఎన్నడూ ఒప్పుకోలేదు.

మాకు రక్తనిధి లేదు. ఎవరికైనా రక్తం కావాలంటే బంధువులను వరసగా నిలబెట్టి, గ్రూపు కలిసినవారి దగ్గర సీసాలోకి తీసి, ఆ పూటే ఎక్కించేవాళ్ళం. దానికి ముందు క్రాస్‌మ్యాచ్ చేయాలి. ఇచ్చేవారి ఎర్రకణాలను రోగి సీరంలో కలిపి, ఒంటి వేడిలో కాసేపు ఉంచి, తిప్పి, మైక్రోస్కోపు కింద చూడాలి. కణాలు గుత్తులు కడితే ఆ రక్తం పనికిరాదు, విడివిడిగా ఉంటే పనికొస్తుంది. ఈ పనిలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని నా అభిప్రాయం. ఇంకెవరూ ఆ మాట అన్నట్టు గుర్తు లేదు.

మరుసటి ఏడు ఎండాకాలంలో మాన్వి వైపు పల్లె నుంచి నర్సమ్మ అనే అమ్మాయిని తీసుకొచ్చారు. ఇరవై రెండేళ్ళుంటాయి. మెడలో గడ్డలు లేచి, అవి లింఫు గ్రంథుల క్యాన్సరని తేలితే, నగరంలోని పెద్దాసుపత్రిలో మందులిచ్చి, కరెంటు పెట్టి పంపారు. రేడియేషన్‌ను మా వైపు అందరూ కరెంటు పెట్టడమనే అంటారు. గడ్డలు కరిగాయి, కానీ ఒంట్లో రక్తం లేదు. హిమోగ్లోబిన్ నాలుగు గ్రాములు. లేచి కూర్చుంటే కళ్ళు తిరిగి పడిపోతోంది.

వెంట వచ్చినవాడు భర్త తిమ్మప్ప. నర్సమ్మ తల్లికి సొంత తమ్ముడు కూడా ఇతడే. ఇతని తల్లిదండ్రులు కూడా మేనమామ, మేనకోడళ్ళే. ఒక్క నర్సమ్మ తండ్రి మాత్రం బయటి సంబంధం. నేను చీటీలో "బంధుత్వం" అన్నచోట రాయబోతే తిమ్మప్ప అడ్డం పడ్డాడు.

"మొగడని గూడ రాయి సారు, మామ అని గూడ రాయి. మా అక్క బిడ్డ గదా. నాకన్న దగ్గరోడు ఎవడుంటడు?"

రెండూ రాశాను.

నగరం నుంచి వచ్చిన ఉత్తరంలో చివర ఒక వాక్యం ఉంది. ఈమెకు రక్తం ఎక్కించాల్సి వస్తే ఇక్కడికే పంపండి, ఇచ్చే రక్తానికి ముందుగా రేడియేషన్ పెట్టాలి అని. డాక్టరుగారు దాన్ని నాకు చదివి వినిపించి, దీనర్థమేమిటయ్యా అన్నారు. జబ్బు మనిషికైతే సీసాకు వైద్యమెందుకండీ అని నేను నవ్వాను. ఆయనా నవ్వారు. నగరానికి బస్సులో ఒక పగలంతా పడుతుంది, ఆమె అంతసేపు తట్టుకునేలా లేదు. కాబట్టి ఎక్కించడం తప్పని నేనిప్పటికీ అనను. కానీ ఆ నవ్వు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తిమ్మప్ప రక్తం గ్రూపు కలిసింది. క్రాస్‌మ్యాచ్‌లో ఒక్క కణం ఇంకో కణాన్ని అంటలేదు. అంత శుభ్రమైన స్లైడు చూడమని కాంపౌండరును పిలిచి మరీ చూపించాను. "సరిపోయిందా సారు?" అని తిమ్మప్ప అడిగితే, "అచ్చుగుద్దినట్టు సరిపోయిందండీ" అన్నాను. రెండు రోజుల తేడాతో రెండు సీసాలు అతనే ఇచ్చాడు. నర్సమ్మ లేచి కూర్చుని జొన్నరొట్టె అడిగింది.

మొదటి సీసా ఎక్కించిన పదో రోజున జ్వరం వచ్చింది. అరచేతులు ఎర్రబడ్డాయి, ఆ ఎరుపు ఒళ్ళంతా పాకింది. తర్వాత విరేచనాలు, పచ్చకామెర్లు. తెల్లకణాలు లెక్కపెడదామని స్లైడు పెడితే లెక్కపెట్టడానికి కనిపించలేదు. కేసు షీటులో మొదట "మందు పడలేదు" అని, దాన్ని కొట్టేసి "కామెర్లు" అని రాశారు. మూడో వారంలో చనిపోయింది. తిమ్మప్ప ఏడవలేదు. "ఏంది సారు, గిట్లయింది?" అని ఒక్కసారి అడిగి, జవాబు కోసం ఆగకుండా బండి మాట్లాడటానికి వెళ్ళాడు.

రెండేళ్ళ తర్వాత నన్ను నగరానికి రక్తనిధి శిక్షణకు పంపారు. అక్కడ క్యాన్సర్ రోగులకు ఇచ్చే రక్తాన్ని ముందు రేడియేషన్ పెట్టే కోబాల్ట్ యంత్రం కింద కొన్ని నిమిషాలు పెట్టి తెస్తున్నారు. ఎందుకని అడిగితే మాకు పాఠం చెప్పే డాక్టరమ్మ వివరించింది. సీసాలో ఎర్రకణాలతో పాటు తెల్లకణాలూ వెళతాయి. మామూలు మనిషి ఒళ్ళు వాటిని పరాయివిగా గుర్తించి చంపేస్తుంది. కరెంటు పెట్టిన ఒంటికి ఆ శక్తి ఉండదు. అప్పుడు వచ్చిన కణాలే రోగిని పరాయిగా చూసి చర్మాన్ని, పేగుల్ని, కాలేయాన్ని, మూలుగను తినేస్తాయి. యంత్రం కింద పెడితే వాటికి పెరిగే శక్తి పోతుంది. విదేశాల్లో రేడియేషన్ తర్వాత తోబుట్టువుల మూలుగ ఎక్కించుకునేవారికీ ఇదే గండమట; అందుకే అక్కడ బాగా కలిసేవారిని వెతికి, ఆపైన ఆ కణాలను అణచే మందులు కూడా ఇస్తారట.

మరి దగ్గరి బంధువు రక్తమైతే మేలు కదా అన్నాను. సీసా రక్తానికి అదే ఎక్కువ ప్రమాదం అందామె. మేనరికాల ఇంట్లో మామ కణాలు మేనకోడలికి తల్లి వైపు నుంచి వచ్చిన సగంతో పూర్తిగా కలిసిపోయి, ఆమె ఒంటికి సొంతవాటిలాగే ఉండొచ్చు, ఇంటివాడే కదా అని ఒళ్ళు తలుపు తీస్తుంది. లోపలికెళ్ళిన కణాలకు మాత్రం ఆమెలో తండ్రి వైపు నుంచి వచ్చిన సగం పరాయిగా కనబడుతుంది.



శిక్షణ ముగిశాక తిమ్మప్ప ఊరు వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. మంచం వాల్చి మజ్జిగ ఇచ్చాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. నేను నోరు తెరిచేలోగా అతనే అన్నాడు: "దేవుడు తీస్కపోయిండు గాని సారు, నా దిక్కెల్లి తక్కువ చేయలే. నా నెత్తురుతోనే పోయింది." పక్కనున్న ముసలమ్మకు నన్ను చూపించి, సరిపోయిందని చెప్పింది ఈ సారే అన్నాడు. నేను మజ్జిగ తాగి, బస్సు వేళయిందని లేచాను. బస్సుకింకా గంటన్నర ఉంది.

ఈ కేసు వల్ల నేను నేర్చుకున్నది చిన్నదే. క్రాస్‌మ్యాచ్ ఎర్రకణాల సంగతి చెబుతుంది, అంతకుమించి చెప్పదు. తర్వాత రిటైరయ్యేదాకా రక్తమిచ్చేవారి చేతికి పట్టీ కట్టే ముందు రెండు ప్రశ్నలు వేసేవాణ్ణి: రోగికి కరెంటు పెట్టారా, మీరు రోగికి ఏమవుతారు? మొదటిదానికి అవునని, రెండోదానికి మేనమామనని చెప్పినవాళ్ళను వెనక్కి పంపేవాణ్ణి. కారణం మాత్రం ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు, మీ రక్తం సరిపోలేదు అనేవాణ్ణి.